పాత బ్రిటిష్ సినిమాల బ్లూరేలు మోసమా? ఆ మెసేజ్‌కి నా జవాబు

పాత బ్రిటిష్ సినిమాల బ్లూరేలు (డీవీడీకన్నా స్పష్టమైన బొమ్మ చూపే డిస్కులు), వాటికన్నా వివరమైన 4కే డిస్కులు పచ్చి మోసమంటూ ఒక పొడవాటి మెసేజ్ కొంతకాలంగా తిరుగుతోంది. సినిమా అంటే ప్రాణమిచ్చే మిత్రులే దాన్ని నాకు పంపుతున్నారు. పంపి ఊరుకోకుండా ‘ఇది నిజమేనా?’ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకిక లేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను.

‘1940లలో, 60లలో హెచ్‌డీ ఎక్కడుంది? అప్పుడు లేని స్పష్టత ఇప్పుడెలా పుట్టుకొస్తుంది?’ అన్నది మొదటి వాదన. స్పష్టత ఇప్పుడు పుట్టలేదు, నెగెటివ్‌లో, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ములో, మొదటినుంచీ ఉంది. దాన్ని ఇంటిదాకా తెచ్చే సాధనమే మనకు లేకపోయింది. బ్రిటన్‌లో అమ్మిన డీవీడీలో బొమ్మ ఏర్పడే అడ్డగీతలు 576 మాత్రమే. 1962లో వచ్చిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ను తీసింది మామూలుకన్నా చాలా వెడల్పైన 65 మిల్లీమీటర్ల నెగెటివ్ మీద. 2012 పునరుద్ధరణ కోసం దాన్ని 8కేలో, అంటే అడ్డంగా సుమారు ఎనిమిది వేల చుక్కలుండేలా, స్కాన్ చేశారు. బావి దగ్గర నిలబడ్డ ఇద్దరు దూరంగా చూస్తుంటే, ఎండమావిలోంచి ఒమర్ షరీఫ్ ఒంటె మీద వచ్చే షాట్ గుర్తుందా? డీవీడీలో ఆ నల్ల చుక్క చాలాసేపు కనిపించనే కనిపించదు. వాళ్ళు దేన్ని చూసి బెదురుతున్నారో మనకు తెలియదు. మంచి బ్లూరేలో వాళ్ళతో పాటే మనమూ ఆ చుక్కను పట్టుకుంటాం. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ ఆ షాట్‌ను తీసిందే అందుకు.

‘మన మాయాబజార్‌కి రంగులు వేసినట్టే ద రెడ్ షూస్‌కీ కంప్యూటర్లో రంగులు పూశారు’ అన్న మాట చదివి నాకు నిజంగానే కోపం వచ్చింది. 1957 నాటి మాయాబజార్ నలుపు తెలుపు సినిమా, దానికి 2010లో రంగులద్దారు. దర్శకులు పవెల్, ప్రెస్‌బర్గర్‌ల ‘ద రెడ్ షూస్’ 1948లో పుట్టడమే టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో పుట్టింది. ఆ కెమెరాలో లోపలికొచ్చిన వెలుతురును ఒక పట్టకం చీల్చి మూడు నెగెటివ్‌ల మీదికి పంపేది. ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి ఒకటి, నీలానికి ఒకటి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మూడు రీళ్ళూ ఒకే తీరుగా కుంచించుకుపోవు. ఒకదానిమీద ఒకటి పేర్చితే అంచులు కలవక, భుజం వెంట, జుట్టు వెంట ఎర్రటి గీతో పచ్చటి గీతో తేలుతుంది. పాత కాపీల్లో మొహాలు అలికినట్టుండేది అందువల్లే. దానికి తోడు ఈ సినిమా నెగెటివ్‌లకు బూజు కూడా పట్టింది. అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో రాబర్ట్ గిట్ బృందం మూడింటిలోని సుమారు 5 లక్షల 79 వేల ఫ్రేములను స్కాన్ చేసి, బూజు మరకలు తొలగించి, మూడు బొమ్మలనూ మళ్ళీ సరిగ్గా కలిపింది. 2009లో కాన్ చలనచిత్రోత్సవంలో హాలీవుడ్ దర్శకుడు స్కోర్సెసీ ముందుండి చూపించింది ఆ ప్రతినే. నర్తకిగా నటించిన మోయిరా షియరర్ జుట్టులో కనిపించే ఎరుపు ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్ కెమెరా ఆనాడు పట్టుకున్న ఎరుపే. నెగెటివ్‌లే మిగలక ఎన్నో మంచి సినిమాలను పోగొట్టుకున్నవాళ్ళం మనం. ఇంత కష్టపడి ఒక సినిమాను నిలబెట్టినవాళ్ళను మోసగాళ్ళనడానికి మనకు నోరెలా వస్తోంది?

‘తెరకు అటూ ఇటూ నల్ల పట్టీలున్నాయంటే బొమ్మ కోసేశారని అర్థం’ అట. కొయ్యలేదు కాబట్టే పట్టీలున్నాయి. ఆనాటి ఫ్రేము దాదాపు చదరం. నేటి వెడల్పాటి టీవీ నిండాలంటే పైనా కిందా కలిపి పావువంతుకు దగ్గరగా నరకాలి. ద రెడ్ షూస్‌లో నర్తకి పాదాలు పోయినా ఫరవాలేదా?

‘బ్లూరే నిడివి ఎక్కువుంది, అంటే కొత్త సీన్లు కలిపారు.’ లేదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ డీవీడీలో (బ్రిటన్ వంటి దేశాల టీవీ పద్ధతికి చేసినదాన్లో) 25 చొప్పున పరుగెత్తించేవారు. 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోయేది, గొంతులు కూడా కాస్త సన్నగా వినిపించేవి. బ్లూరేలో అసలు వేగం తిరిగొచ్చింది, అంతే.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. ‘బ్లూరేలో తెర నిండా ఇసుక కదులుతున్నట్టుంటుంది. అది పాత రీలు మురికి. యూట్యూబ్‌లో ఏఐతో నున్నగా చేసిన కాపీలు ఉచితంగా దొరుకుతుంటే డబ్బు తగలేయడమెందుకు?’

దుమ్ము, గీతలు, మరకలు మురికే. వాటిని తీయాల్సిందే, తీస్తున్నారు కూడా. కానీ మీరు ఇసుక అంటున్నది గ్రెయిన్. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ ఏర్పడేదే వెండి రేణువులతో. ఆ రేణువుల వెనక అసలు బొమ్మ ఇంకెక్కడో దాక్కుని లేదు, రేణువులే బొమ్మ. వాటిని తుడిచే సాఫ్ట్‌వేర్‌కి ఏది గ్రెయినో, ఏది నుదుటి ముడతో, ఏది ఉన్నికోటు నేతో సరిగ్గా తెలియదు. సన్నగా కనిపించినవన్నీ కలిపి తుడిచేస్తుంది. 1949 నాటి ‘ద థర్డ్ మ్యాన్’ చూడండి. యుద్ధంలో చితికిపోయిన వియన్నా, రాత్రి వేళ, తడిసిన రాళ్ళు పరిచిన వీధి. పక్కనుంచి వాలే వెలుగుకి ఒక్కో రాయి అంచూ విడిగా మెరుస్తుంది. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్‌కి ఆస్కార్ తెచ్చిన పనితనం అది. గ్రెయిన్ తుడిచారంటే ఆ రాళ్ళన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. గుమ్మం చీకట్లో ఆర్సన్ వెల్స్ మొహం మీద వెలుగు పడే క్షణంలో మనకు కనిపించేది మైనపు బొమ్మ.

ఏఐ కాపీలు ఇంకా దిగజారాయి. అవి తుడవడంతో ఆగవు, లేనిదాన్ని కల్పిస్తాయి. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళను ఆపి చూడండి. ఒక ఫ్రేములో ఉన్న కన్ను తర్వాతి ఫ్రేములో చెంపలోకి జారిపోతుంది. దుకాణం బోర్డు మీది అక్షరాలు ఏ భాషవీ కావు. 24 ఫ్రేములను 60కి సాగదీసినప్పుడు మధ్యలో చేరే ఫ్రేముల్ని ఎవరూ తీయలేదు, వాటిలో ఎవరూ నటించలేదు. అది మీకు నచ్చితే చూసుకోండి, కానీ అదే మెరుగైన కాపీ అని పదిమందికీ పంచుతారా? ఇలాంటి ఫిర్యాదులకు తలొగ్గే బ్లూరే తొలి రోజుల్లో కొన్ని కంపెనీలు గ్రెయిన్ అంతా గీకేసిన డిస్కులు అమ్మాయి. ‘ఇసుక తీసేయండి’ అని అరిచేవాళ్ళు పెరిగితే ఆ రోజులు మళ్ళీ వస్తాయి.

ఒప్పుకోవలసినవీ ఉన్నాయి. మామూలు టీవీని ఎదురుగోడ దగ్గర కూర్చుని చూసేవారికి 4కేకీ మంచి బ్లూరేకీ తేడా పెద్దగా తెలియదు, దానికోసం అప్పు చేయనక్కర్లేదు. ద థర్డ్ మ్యాన్ 2015 పునరుద్ధరణ కూడా నెగెటివ్ నుంచి కాదు, దాని నుంచి తీసిన మాస్టర్ పాజిటివ్ అనే నకలు నుంచి చేసింది. కాబట్టి పెట్టె మీద 4కే అని ఉన్నంత మాత్రాన 65 మిల్లీమీటర్ల వివరం రాదు. కొత్తదల్లా మంచిదని కూడా నేననను. 1958 నాటి హామర్ కంపెనీ ‘డ్రాకులా’ బ్రిటన్‌లో 2013లో బ్లూరేగా వచ్చినప్పుడు బొమ్మంతా నీలం కమ్ముకుందని అభిమానులు మొత్తుకున్నారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. దాని పాత డీవీడీ మీ దగ్గరుంటే పారేయకండి. మెసేజ్ రాసినాయన ఈ ఒక్క డిస్కు గురించి రాసి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.