“ఇది అసలు సాంబాయే కాదు” అనే మాట గారికి

అయ్యా,

మా ఇంట్లో సాంబా అంటే సాంబ మసూరి బస్తా, అయినా నాకు బ్రెజిల్‌లోని రియో నగరపు సాంబా పాటల పిచ్చి పట్టింది, ఏ పాట గురించి చదివినా ముందు మీరే తగులుతున్నారు కాబట్టి ఇక రాయక తప్పట్లేదు.

మీ వయసెంతండీ? 1916లో డోంగా అనే పాటగాడు “పెలో టెలిఫోన్” అనే సాంబాని అక్కడి నేషనల్ లైబ్రరీలో తన పేరున రిజిస్టర్ చేయించుకున్నప్పుడు ముందు గొడవ ఆ పాట ఎవరిదని, పాటగాళ్ళంతా చేరే సియాటా అత్త ఇంట్లో పదిమంది కలిసి కట్టినదాన్ని ఒక్కడు పట్టా చేయించుకున్నాడని. ఆ తర్వాత దిగారు మీరు. రియోలోని ఎస్టాసియో పేట పాటగాడు ఇస్మాయెల్ సిల్వానేమో డోంగా పాట సాంబా కాదు మషీషి (అంతకుముందటి డాన్సు పాటల బాణీ) అన్నాడు, డోంగానేమో నీ పాట సాంబా కాదు మార్షా (కవాతు బాణీ) అన్నాడు, ఇద్దరి నోట్లోనూ మీరే, ఒక్కరి దగ్గరైనా కుదురుగా ఉండచ్చు కదా!

అదే ఎస్టాసియోలో బూట్లు కుట్టే బీడే, వెన్న డబ్బాతో సుర్దో అనే పెద్ద డ్రమ్ము చేశాడంటారు. వెన్న డబ్బా అండీ! ఇప్పుడదే సంప్రదాయం.

1970ల చివర్లో రియోలోనే రామోస్ పేటలో చింతచెట్టు కింద (అవును, మన చింతచెట్టే) ఫుందో జి కింతాల్ అనే బృందం కుర్రాళ్ళు, డ్రమ్ముల మోతలో కవాకిన్యో అనే నాలుగు తీగల బుల్లి గిటారు వినపడట్లేదని బాంజోకి దాని శృతి పెట్టేశారు, సుర్దో బదులు చేత్తో కొట్టే తంతాన్ డ్రమ్ము తెచ్చారు. మీరు ఊరుకునుంటారా? ఇవాళ మాత్రం బాంజో లేకపోతే మీకే ముద్ద దిగదు.

ఒకటి ఒప్పుకుంటా. 1975లో పౌలిన్యో ద వియోలా అనే సాంబా పాటగాడు, సరే నీ వాదన ఒప్పుకున్నా గానీ సాంబాని మరీ ఇంతగా మార్చకు అని సాంబాయే కట్టాడు, మీరు అందంగా కనపడింది ఆ ఒక్కసారే. కానీ ఆయన “మరీ ఇంతగా” అన్నాడు, ఆ “మరీ”ని మీరు ఏ స్టాపులో దింపేశారు?

ఆఖరుది. నర్సు ఉద్యోగం చేసుకుంటూ పాటలు కట్టిన దోనా ఇవోనె లారా, ఆడమనిషి పాటంటే మగాళ్ళు ఒప్పుకోరని, తన సాంబాల్ని వరసకి అన్నదమ్ముడయ్యే ఫులేరో పేరు మీద వినిపించింది. అందరూ ఆహా అన్నారు. 1965లో గానీ ఇంపేరియో సెరానో అనే సాంబా బృందం కార్నివాల్ పరేడ్ పాట రాసినవాళ్ళలో ఆమె పేరు రాలేదు. మరి అన్నేళ్ళూ మీరు ఏ ఊరెళ్ళారండీ?

ఇట్లు,
సాంబ మసూరి తింటూ సాంబా వినేవాడు