సప్పుడు తోక నుంచే రావాలె

రాత్రి పది దాటినంక హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దిక్కు పోయే బుల్లెట్లను జర చెవి పెట్టి వినండి. పెట్టకున్నా వినపడతయనుకోండి. అండ్ల చాలావాటి సప్పుడు సైలెన్సర్ తోక నుంచి వస్తలేదు. ఇంజన్ హెడ్డు కాడ, పొగను సైలెన్సర్ దాకా తీస్కపోయే బెండ్ పైపు మొదట్ల, ఆ రెండింటి నడుమ సీలు కోసం పెట్టే రింగు, అంటే ప్యాకింగ్, చినిగిన సందుల నుంచి వస్తున్నది. సప్పుడు కోసమే వేలు పోసి కొన్న పంజాబ్ సైలెన్సర్ వెనుక ఉత్తగనే వేలాడుతున్నది. నగర ప్రజల నిద్ర చెడగొట్టే గౌరవం నూరు రూపాయలకు అటూ ఇటూ పలికే ప్యాకింగుకు దక్కుతున్నది. ఈ అన్యాయం మీద ఇప్పటిదాకా ఒక్క ధర్నా జరగలేదు.

సప్పుడు చేయాలా వద్దా అన్న చర్చ ఇక్కడ అనవసరం. దాన్ని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలే తేల్చినయి. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలమంటే పగలు 50 డెసిబుల్స్, రాత్రి 40 దాటొద్దు. ఎంజీఎం దవాఖాన ముందట మన పోరగాడు ఊకె నిలబడి తాళంచెవులు ఆడించినా ఆ నలభై దాటిపోతది. ఆ నిబంధన రాసినాయనకు వరంగల్ యువత ప్రతిభ మీద బొత్తిగా నమ్మకం లేదు. 175 సీసీ దాటిన బండికి కంపెనీ పరీక్షల 80 డెసిబుల్స్ హద్దు. అక్కడి నుంచి పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపనిపిస్తది. వార్డుల పండుకున్న పేషెంటుకు తన ఊరి అభివృద్ధిని మంచం మీది నుంచే కొలిచే సౌకర్యం ఇంకే జిల్లాల ఉన్నది?

కనుక ప్యాకింగ్ మార్చి, సప్పుడు తోక నుంచే వచ్చేటట్టు సైలెన్సర్ ఎక్కించే పని మీదికి వద్దాం. ఇంజన్ పూర్తిగా చల్లారినంకనే పానా పట్టాలె. హెడ్డు కాడి నట్లకు ముందటి రాత్రే తుప్పు విడిపించే స్ప్రే కొట్టి పెట్టాలె. ఆ నట్లు ఎక్కే మర కడ్డీలు, అంటే స్టడ్లు, దిగేది అల్యూమినియంల. తుప్పు నట్టును బలంగ తిప్పితే నట్టు రాదు, స్టడ్డే తెగుతది. తెగిన ముక్క తీసి, పాడైన మరల కొత్త మర చుట్ట (హెలికాయిల్) వేయించే ఖర్చుల ఇంకో సగం సైలెన్సర్ వస్తది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండైతే ముందుగాల పొగల ఆక్సిజన్ కొలిచే సెన్సర్ కనెక్టర్ ఊడదీయాలె. అది మరిచి సెన్సర్ తిప్పితే వైరు మెలిపడి లోపలే తెగుతది, డ్యాష్ మీద పసుపు లైటు వెలుగుతది. ఆ లైటును మన పోరగాళ్లు బండికి పెట్టిన అలంకారమనుకుంటరు.

పైపు దించినంక పాత ప్యాకింగ్‌ను చిన్న కొక్కెంతో పోర్టుల నుంచి, అంటే హెడ్డుకు పొగ బయటికొచ్చే రంధ్రంల నుంచి, లాగాలె. ఒక్కోసారి పాతది లోపలే కరుచుకొని ఉంటది, దాని మీదనే కొత్తది పెడితే రెండూ కూర్చోవు. మసి గీకి, కొత్తదానికి చిటికెడు గ్రీజు రాసి అతికించాలె. గ్రీజు సీలు కోసం కాదు, పైపు ఎక్కించేదాక కింద పడకుంట పట్టుకునేటందుకు. తర్వాత అదే కాలిపోతది. "అన్నా, పాతదే మంచిగుంది, నడుస్తది" అనే మేస్త్రీ మాట నమ్మొద్దు. ఆ రింగు నలిగితేనే సీలవుతది, ఒకసారి నలిగింది రెండోసారి నలగదు.

అసలు తప్పంతా బిగించే వరుసల ఉన్నది. మనోళ్లు ముందుగాల సైలెన్సర్‌ను బండికి పట్టే వెనుక బ్రాకెట్ బోల్టు గట్టిగ బిగించి, ముందటి పైపును గుంజి హెడ్డుకు కలుపుతరు. పైపు అలకమీద ఉన్న అల్లుని లెక్క ఒక పక్కకు వాలి కూర్చుంటది. కొన్ని నెలలకు, హెడ్డుకు బిగించే ఫ్లాంజ్ పట్టీ వెల్డింగ్ కాడ చీలుతది. పద్ధతేందంటే, అన్ని నట్లు, బెండ్ పైపు సైలెన్సర్‌ల దూరే కాడ బిగించే క్లాంపు, బ్రాకెట్ చేత్తోనే వదులుగ ఎక్కించాలె. బ్రాకెట్ బోల్టు బలం పెట్టకుంట దూరాలె, రబ్బరు బుష్షు, లోపలి కాలరు ఉండాలె. అప్పుడు హెడ్డు నట్లను కొంత ఇటు, కొంత అటు సమానంగ బిగించాలె. 6 మి.మీ. మర (ఎం6) అయితే టార్క్ పానా మీద 10-12 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. (ఎం8) అయితే 20 చుట్టుపక్కల. బండి మాన్యువల్‌ల వేరే ఉంటే దాని మాటే వినాలె. తర్వాత క్లాంపు, చివరికి బ్రాకెట్. క్లాంపు, బిగుసుకునేటందుకు పైపు చివర కావాలనే కోసిన చీలికల మీద సరిగ్గ కూర్చోవాలె. చీలిక బయటికి కనపడుతుందంటే సైలెన్సర్ ఇంకా లోపలికి పోవాలన్నట్టు.

ఇగ సీలెంటు శాస్త్రం. ఇంట్ల నల్లా లీకుకు పెట్టే రెండు ముద్దల ఎపాక్సీ, డబ్బాల మిగిలిన ఎర్ర సిలికాన్, సీటు కవర్ ముక్క: వరంగల్ ల బెండ్ పైపు మొదట్ల ఇవన్నీ కనపడతయి. ఎర్ర సిలికాన్ 300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల దాకనే ఓరుస్తది. హెడ్డు కాడ పొగ వేడి దానికి రెట్టింపు దాటుతది. పైగా కొన్ని సిలికాన్ల ఆవిరి సెన్సర్ ను పాడుచేస్తది. పోర్టు కాడ ప్యాకింగ్ తప్ప ఏ పేస్టూ వద్దు. పేస్టు పనికొచ్చేది ఒక పైపు ఇంకోదాంట్లకు దూరే సైలెన్సర్ జారుడు జాయింటుకే, అది కూడా ఎగ్జాస్ట్ పేస్టు, లోపలి పైపు బయటి వైపు పల్చగ. పది నిమిషాలు ఐడిల్ల ఉంచి, ఆపి, గట్టిపడనియ్యాలె. స్టార్ట్ చేసేముందు స్పిరిట్ బట్టతో పైపంతా తుడవాలె, లేకుంటే మేస్త్రీ వేలిముద్రలు మెరుపు మీద కాలి శాశ్వతంగ ఉంటయి. సాక్ష్యం కింద అయితే పనికొస్తయి.

లీకు చూసేదానికి యంత్రాలు వద్దు. చల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి, మందం బట్టతో తోకను ఒక్క క్షణం మూస్తే జాయింటు కాడ ఉస్సుమంటది. అగరుబత్తి పొగ పెట్టినా చెదిరిపోతది. కొన్ని రోజులకు సందు కాడ నల్లటి మసి గీత వస్తది. గేరుల ఉండంగ యాక్సిలేటర్ వదిలితే పటపటమనేది పవర్ కాదు తమ్మీ. సందుల నుంచి పీల్చుకున్న గాలితోని, కాలని పెట్రోల్ పైపుల అంటుకుంటున్నది. ఆ గాలినే సెన్సర్ చూసి మిశ్రమం పల్చగైందనుకుంటది, కంప్యూటర్ పెట్రోల్ పెంచుతది, మైలేజీ పడుతది. ఊరి మేలు కోసం సొంత పెట్రోల్ కాల్చే త్యాగం ఇది. అయినా శిలాఫలకం ఎవ్వరూ వేయరు.

చట్టం గురించి పొట్టిగ. మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద బండికి చేసిన ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బెండ్ పైపు, సైలెన్సర్ కలిపి ఒక మార్పా, రెండా అన్నది పండితులు తేల్చాలె. 190(2) కింద శబ్దానికి వేరేగ 10,000 దాకా, లైసెన్సు మూడు నెలలు సస్పెండు.

కనుక ప్యాకింగులు రెండు కొనాలె. ఒకటి ఇయ్యాల్టికి. రెండోది ఠాణా ముందట కంపెనీ సైలెన్సర్ తిరిగి ఎక్కించమన్న రోజుకు. ఇంజన్ చల్లారినంకనే నట్లు ముట్టాలన్న నియమం అక్కడా అంతే, అందాక ఎస్సై సారుతోని ఏం మాట్లాడాలెనో ముందుగాలనే ఆలోచించి పెట్టుకోండి.