కంపెనీ మూతపడితే హక్కులు కూడా పోతాయా?

"పాత టెక్స్ట్ అడ్వెంచర్ ఆటలను చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి, హక్కుదారులు లేరు, కొందామన్నా దొరకవు, కాబట్టి ఎక్కడ కనిపిస్తే అక్కడ దించుకోవచ్చు" అనే వాదన చాలాకాలంగా చేతులు మారుతోంది. (టెక్స్ట్ అడ్వెంచర్ అంటే తెరపై కథ చదువుతూ, ఆదేశాలు టైపు చేస్తూ ఆడే కంప్యూటర్ ఆట.) కంపెనీలు మూతపడ్డాయన్నంత వరకు అది చాలావరకు నిజమే.

హక్కుదారులు లేరన్నది మాత్రం అబద్ధం. 'జోర్క్' ఆటలను అమ్మిన ఇన్ఫోకామ్‌ను యాక్టివిజన్ 1986లో కొని 1989లో మూసేసింది. అయితే మూతపడింది కార్యాలయమే గాని హక్కులు కావు, అవి యాక్టివిజన్‌తో పాటు 2023లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చాయి. ఉద్యోగుల చేత సంస్థ రాయించుకున్న కృతికి అమెరికా చట్టం ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ ఇస్తుంది కనుక, ఆ లెక్కన 1980 నాటి ఆటకు 2075 దాకా గడువుంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం కూడా కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతిగానే చూస్తుంది. 'అబాండన్‌వేర్' (వదిలేసిన సాఫ్ట్‌వేర్) అనేది అభిమానులు పెట్టుకున్న పేరే తప్ప చట్టం ఇచ్చిన హోదా కాదు.

ఈ మధ్య ఇదే వాదన కొత్త రూపు తొడుక్కుంది: మైక్రోసాఫ్టే జోర్క్‌ను వదిలేసింది కనుక ఇన్ఫోకామ్ ఆటలన్నీ ఉచితమేనట. 2025 నవంబరులో, ఎవరైనా వాడుకొని మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద విడుదలైంది మొదటి మూడు జోర్క్ ఆటల సోర్సు కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) మాత్రమే. పెట్టె, ప్రచార సామగ్రి, వ్యాపార చిహ్నం అందులోకి రావు, 'ప్లానెట్‌ఫాల్' వంటి తక్కిన ఆటలు అసలే రావు. అన్నిటికంటే గమనించవలసిన సంగతి మరొకటుంది. ఆ కోడ్ 2019 నుంచే, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో అందరి కళ్ల ముందూ ఉంది, అయినా వాడుకునే హక్కు దక్కింది ఆరేళ్ల తరువాత లైసెన్సు పత్రం దానికి చేరినప్పుడే. కాలం గడిచినందువల్ల కాదు, హక్కుదారు ఇచ్చినందువల్ల వచ్చిన స్వేచ్ఛ అది. నిజానికి ఈ ఉదాహరణ ఆ వాదనకే ఎదురు తిరుగుతుంది.

ఇక దొరకవన్న మాట వెతకనివారి మాట. ఈ ఆటలకు మూలపురుషుడైన 'అడ్వెంచర్'ను విల్ క్రౌథర్, డాన్ వుడ్స్‌ల అనుమతితోనే 2017లో 'ఓపెన్ అడ్వెంచర్' పేరిట స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు. జోర్క్ సంకలనాన్ని జీఓజీ దుకాణం అమ్ముతోంది. 'హిచ్‌హైకర్స్ గైడ్' ఆటను బీబీసీయే బ్రౌజరులో ఆడనిచ్చింది. ఇన్ఫోకామ్ ఆటలను నడిపే 'ఫ్రాట్జ్' ఉచిత సాఫ్ట్‌వేర్, కానీ అది ఆటను చదివే సాధనం మాత్రమే. దానిలోకి ఎక్కించే ఆట ఫైలుకు అనుమతి వేరుగా ఉండాలి.