సుల్తానా వంటగదిలో పొగ లేదు, మరి వంట చేసిందెవరు?

భవిష్యత్తును ఊహించిన రచన చేతికి అందగానే అందులో ఏది నిజమైంది, ఏది కాలేదు అని లెక్క చూసుకోవడం మనకు బాగా అలవాటు. బ్రహ్మంగారి కాలజ్ఞానాన్ని తరతరాలుగా అలాగే చదువుతున్నాం. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనే మాట వినపడుతుంది. కాలజ్ఞానం జోస్యంగానే ప్రచారంలోకి వచ్చింది కనుక ఆ కొలత దానికి చెల్లుతుందేమో గానీ, కథకూ నవలకూ అదే కొలత పెడితే అసలు విషయం చేజారిపోతుంది. 1835లో కైలాస్ చందర్ దత్ కలకత్తాలో ఇంగ్లిషులో రాసిన ఒక కథలో 1945లో భారతీయులు ఆంగ్లేయుల మీద తిరగబడతారు. స్వాతంత్ర్యానికి రెండేళ్ల తేడాలో గురి కుదిరిందని అబ్బురపడేవారు, ఆ కథలో తిరుగుబాటు అణగారిపోతుందనీ, నాయకుడికి మరణశిక్ష పడుతుందనీ పట్టించుకోరు. నూట పదేళ్ల తర్వాతి లోకంలో సైతం ఆంగ్లేయుల ఓటమిని ఆ యువ రచయిత ఊహించలేకపోయాడు. ఆనాటి విద్యావంతుల మనసు ఎంత దూరం వెళ్లగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో ఆ ముగింపే చెబుతుంది.

ఈ దృష్టితో చదవాల్సిన రచనల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది బేగం రోకియా సఖావత్ హుస్సేన్ ఇంగ్లిషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’. బెంగాల్‌లో ఒక ముస్లిం జమీందారీ కుటుంబంలో ఘోషాలో పెరిగి, అన్నగారి సాయంతో చదువు నేర్చుకున్న ఆమె కథను 1905లో అచ్చువేసింది మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారన్నది మనం గుర్తు పెట్టుకోదగిన సంగతి. కథలోని లేడీలాండ్‌ను రాణి ఏలుతుంది, మగవాళ్లు ‘మర్దానా’లో, అంటే ఇంటి లోపలి భాగంలో, ఉండిపోతారు. అక్కడి మహిళా విశ్వవిద్యాలయాల్లో ఒకటి బెలూన్ సాయంతో ఆకాశం నుంచే నీళ్లు తెచ్చుకుంటే, మరొకటి ఎండ వేడిని పోగుచేసి నిల్వచేసే పరికరాన్ని కనిపెడుతుంది. పొలాలు విద్యుత్తుతో దున్నుతారు, ప్రయాణాలు గాలిలో సాగుతాయి. సౌరశక్తిని నూట ఇరవై ఏళ్ల కిందటే ఊహించారంటూ ఈ కథను మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ మెప్పులో తప్పు లేదు గానీ, అక్కడితో ఆగిపోతే కథలో సగం చదవనట్టే.

రచయిత్రి ఆ సౌరశక్తిని మనకు దగ్గరగా చూపించే చోటు వంటగది. కలలో లేడీలాండ్‌కు అతిథిగా వెళ్లిన సుల్తానాకు కూరగాయల తోట మధ్యనున్న ఆ వంటగదిలో బొగ్గు కనిపించదు, పొగ కనిపించదు, పొగగొట్టం కూడా ఉండదు. గొట్టంలోంచి వచ్చే ఎండ వేడితోనే వంట అయిపోతుంది. ఇంకోచోట పనిగంటల లెక్క వస్తుంది. ఒక చుట్ట కాలడానికి అరగంట పడుతుంది, మగవాడు రోజుకు పన్నెండు చుట్టలు కాలిస్తే ఆరు గంటలు అందులోనే పోతాయి, అందుకే ఆడవాళ్లకు ఆఫీసు పని రెండు గంటల్లో ముగుస్తుందని సుల్తానాకు ఆ దేశం చూపిస్తున్న సిస్టర్ సారా వివరిస్తుంది. యంత్రం వస్తే మిగిలే సమయం ఎవరిది అనే ప్రశ్నను ఇంత సూటిగా వేసిన కథలు నేటికీ అరుదే.

అదే వంటగది సన్నివేశంలో తేలిగ్గా దాటిపోయే మాట ఒకటుంది. సుల్తానా చూడటానికి వస్తోందని మగవాళ్లను ముందే అక్కడి నుంచి తప్పుకోమంటారు. వంట వాళ్లదే, పిల్లల పెంపకమూ వాళ్లదే, కానీ వాళ్ల పనిగంటల లెక్క కథలో ఎక్కడా రాదు. దీన్ని చదివిన రోకియా భర్త ‘భయంకరమైన ప్రతీకారం’ అన్నారట. ప్రతీకారమే అయినా, సూర్యుణ్ణి లొంగదీసుకోగలిగిన ఊహ పరదాను పూర్తిగా తీసేయలేక, ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చి ఊరుకుంది. ఆ పరిమితిని లోపంగా ఎత్తిచూపి రచయిత్రిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. పరదా లేని ఇల్లు కనుచూపు మేరలో లేని సమాజం ఎలాంటిదో ఆ పరిమితి ద్వారానే మనకు తెలుస్తోంది.

మన కందుకూరి వీరేశలింగం కొన్నేళ్ల ముందే, 1890వ దశకంలో, ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’లో ఆడుమళయాళం అనే స్త్రీరాజ్యాన్ని సృష్టించారు. అక్కడ మగవాళ్లు పత్నీవ్రత ధర్మం పాటిస్తూ ఆడవాళ్ల పెత్తనం కింద బతుకుతారు. సంఘసంస్కర్తగా ఆయన ఆచారాలను తలకిందులు చేసి చూపించి, పాఠకుడు తన ఇంటి అన్యాయాన్ని తానే గుర్తుపట్టేలా చేశారు. అయితే అది దూరదేశపు వింతగానే మిగిలింది. నీళ్లు, ఇంధనం, శ్రమ వేరేలా ఉంటే మనుషుల సంబంధాలు ఎలా మారతాయన్న ఆలోచన అందులో లేదు. రోకియా ఆ మెట్టు ఎక్కారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే సంస్కరణ సాహిత్యం ఎక్కడ ముగుస్తుందో, భవిష్యత్ కల్పన ఎక్కడ మొదలవుతుందో విద్యార్థులకు స్పష్టంగా తెలుస్తుంది.

రచయిత్రి జీవితాన్నీ ఈ అధ్యయనంలో కలపాలి. రోకియా 1911లో కలకత్తాలో భర్త పేరిట బాలికల పాఠశాల నడపడం మొదలుపెట్టారు. ఆ పిల్లలను తీసుకువచ్చే బస్సును గాలి చొరబడకుండా మూసేయాల్సి వచ్చింది. లోపల చీకటికీ ఉక్కకూ పిల్లలు స్పృహతప్పేవారు. కదిలే చీకటికొట్టుగా పేరుపడ్డ ఆ బస్సు గురించి ఆమే తర్వాత ‘అవరోధ్‌వాసిని’ అనే పుస్తకంలో రాశారు. కిటికీలకు తెరలు కట్టించి కాస్త గాలి ఆడేలా చేస్తే, అవి గాలికి ఎగిరి పరదా చెడుతోందని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. కథలో ఆడవాళ్లను ఆకాశంలో తిప్పిన మనిషి, వీధిలో ఒక బస్సు తెర కోసం ఇంతగా రాజీపడవలసి వచ్చింది.

ఈ పద్ధతి పాత రచనలకే పరిమితం కానక్కర్లేదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమా విషయంలో బుజ్జి అనే వాహనం గురించి జరిగినంత చర్చ, కాశీ ఎండిపోతుంటే పైన సంపన్నులు ఉండే కాంప్లెక్స్‌కు నీళ్లూ పచ్చదనమూ ఎక్కడివన్న దాని మీద జరగలేదు. మన తెలుగు శాఖల్లో వీరేశలింగం కల్పననూ రోకియా కథనూ ఈ సినిమానూ ఒకే పాఠ్యాంశంగా పెట్టి, ప్రతి దానిలో వంట ఎవరిది, నీళ్లు ఎవరివి, విశ్రాంతి ఎవరిది, ఎవరిని గదిలోంచి తప్పుకోమన్నారు అని విద్యార్థులతో వెతికించడానికి కొత్త సిద్ధాంత గ్రంథాలేవీ అవసరం లేదు. మూల రచనలు శ్రద్ధగా చదివించే ఉపాధ్యాయులు చాలు.