మన పర్వతారోహకుల కాగితాలకు ఒక చోటు కావాలి

1999 మే 1న ఎవరెస్ట్ ఉత్తర ముఖం మీద, ఎనిమిది వేల మీటర్లకు పైన, కాన్రాడ్ యాంకర్ అనే పర్వతారోహకుడికి జార్జ్ మాలరీ మృతదేహం కనిపించింది. 1924 జూన్ 8న శాండీ ఇర్విన్‌తో కలిసి శిఖరం వైపు వెళ్తూ మబ్బుల్లో కనపడకుండా పోయిన బ్రిటిష్ పర్వతారోహకుడు ఈ మాలరీ. 75 ఏళ్లు ఆ చలిలో ఉన్నా, ఆయన బట్టల్లో పెట్టుకున్న ఉత్తరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. అందులో ఒక కవరు మీద ఆక్సిజన్ సిలిండర్ల ప్రెషర్ అంకెలు రాసి ఉన్నాయి. అదేమీ ప్లాన్ చేసి రాసిన పత్రం కాదు, చేతికి అందిన కవరు మీద వేసుకున్న లెక్క. కానీ వాళ్లిద్దరూ చివరి రోజు ఎంత ఆక్సిజన్‌తో బయలుదేరి ఉంటారో, ఎంత దూరం వెళ్లి ఉంటారో పరిశోధకులు మళ్లీ మొదటి నుంచి లెక్కలు వేసుకున్నది ఆ అంకెలు పట్టుకునే.

ఆయన చదువుకున్న కేంబ్రిడ్జ్‌లోని మాడ్లిన్ కాలేజీ ఇంకా పెద్ద పని చేసింది. తన ఆర్కైవ్‌లో, అంటే పాత పత్రాలు దాచే చోట, ఉన్న మాలరీ ఉత్తరాలను, 1914 నుంచి 1924 దాకా దాదాపు 840, స్కాన్ చేసి 2024 ఏప్రిల్‌లో, అంటే ఆయన పోయిన శతాబ్ది ఏడాదిలో, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎక్కువ భాగం ఆయన భార్య రూత్‌కు రాసినవి. ఎవరెస్ట్ ఎందుకు ఎక్కాలి అని అడిగితే ‘అది అక్కడ ఉంది కాబట్టి’ అని చెప్పిన మనిషిగానే లోకానికి మాలరీ తెలుసు. ఉత్తరాలు తెరిస్తే మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఫిరంగి దళంలో పనిచేసిన ఆఫీసర్ కనిపిస్తాడు, మద్య నిషేధం ఉన్న అమెరికాలో తిరిగిన ఉపన్యాసకుడు కనిపిస్తాడు, ఇంటి మీద బెంగ పెట్టుకున్న తండ్రి కనిపిస్తాడు. 1924 మే 27న రాసిన ఆఖరి ఉత్తరంలో గెలిచే అవకాశం యాభైకి ఒకటే అని భార్యకు దాపరికం లేకుండా చెప్పాడు, అయినా ఒక ప్రయత్నం చేస్తాం అన్నాడు. అది చదివాక ఆయన్ను పొగరుబోతు సాహసి అని గానీ, చావుకు భయపడని వీరుడు అని గానీ ఒక్క మాటలో తేల్చేయడం కుదరదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరెస్ట్ యాత్రల కాలంలో రూత్ ఆయనకు రాసినవాటిలో ఆ సేకరణలో మిగిలింది ఒకే ఒక్క ఉత్తరం. ముగ్గురు పిల్లల్ని చూసుకుంటూ, భర్త మూడుసార్లు ఎవరెస్ట్‌కు వెళ్తే నెలల తరబడి ఎదురుచూసిన మనిషి మాట మనకు ఒక్కసారే వినిపిస్తుంది. ఆర్కైవ్ అంటే ఉన్నది దాచడం ఒక్కటే అనుకుంటాం గానీ, లేనిది ఎంత ఉందో కూడా ఉన్నదాన్ని జాగ్రత్తగా దాచినప్పుడే తెలుస్తుంది.

ఈ విషయం ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం మన దగ్గరే ఉంది. నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తాల్లో చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేసి, అన్నీ పక్కన పెట్టి కొండలెక్కాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో, చిలీ–అర్జెంటీనా సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ సుర్ దగ్గర కనిపించకుండా పోయాడు. ఏప్రిల్‌లో మృతదేహం దొరికింది, సొంతూరికి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. ఆ రోజుల్లో పేపర్ల నిండా ఆయనే. దశాబ్దం దాటిపోయింది. ఇవాళ ఒక విద్యార్థి ఆయన మీద రీసెర్చ్ చేస్తానంటే ఏ ఊరు వెళ్లాలి, ఏ బీరువా తెరవమని అడగాలి? ఏడు శిఖరాలను అంత తక్కువ వ్యవధిలో ఎక్కాలంటే ఏ దేశంలో ఏ పర్మిట్ ఎప్పుడు తీసుకోవాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి, ఏ శిఖరం తర్వాత ఏ శిఖరం ఎక్కాలి అని ఎంతో ఆలోచించి, రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకోవాలి. అలాంటి నోటు పుస్తకం ఒక్కటి చేతికొస్తే పది సన్మాన పత్రాల కన్నా ఎక్కువ చెబుతుంది.

మస్తాన్ బాబు కథ వెనక ఇంకో కథ ఉంది. ఆయన చదివింది విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో. అదే స్కూలు పూర్వ విద్యార్థి, సైన్యాధికారి ఉదయ భాస్కర రావు 1985లో సైన్యం చేసిన ఎవరెస్ట్ యాత్రలో చనిపోయాడు. మస్తాన్ బాబుకు కొండల మీద మనసు పడింది ఆ సీనియర్ కథ వినే. ఒక తెలుగువాడి చావు ఇంకో తెలుగువాడి జీవితాన్ని మలుపు తిప్పిన ఈ వరస ఎంతమందికి తెలుసు? ఉదయ భాస్కర రావు ఇంటికి రాసిన ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పటికి నలభై ఏళ్ల పాతవి. మన ఇళ్లలో నలభై ఏళ్ల పాత కాగితం సంగతి అందరికీ తెలిసిందే. ఇల్లు మారినప్పుడో, సున్నాలు వేసినప్పుడో, పెద్దవాళ్లు పోయాక అటక ఖాళీ చేసినప్పుడో పాత పేపర్లతో కలిపి తూకానికి వెళ్లిపోతుంది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి, అంటే మాలరీ దారి వెతుకుతూ ప్రాణం పోగొట్టుకున్న ఉత్తరం వైపు నుంచే. భువనగిరి రాతికొండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్ మీదుగా అక్కడిదాకా తీసుకెళ్లింది. ఒక ప్రభుత్వ గురుకులం పిల్లల్ని అంత ఎత్తుకు పంపాలంటే ఎంపిక జాబితాలు, డాక్టర్ల రిపోర్టులు, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, శిక్షకుల నోట్సు, పంపాలా వద్దా అని ఫైళ్ల మీద రాసుకున్న అభిప్రాయాలు లేకుండా జరగదు. ఈ దేశంలో పేద పిల్లల చదువు చరిత్ర రాసేవాళ్లకు ఇవన్నీ బంగారం. కానీ ఆఫీసు ఫైలుకు ఒక గడువు ఉంటుంది, గడువు తీరాక దాన్ని పారేయడానికి ఒక సంతకం చాలు. ఆ సంతకం పడకముందే ఎవరో ఒకరు వాటిని వేరుగా తీసి పెట్టాలి.

అసలు రాతే లేనివాళ్ల సంగతేంటి అనే ప్రశ్న కూడా వదిలేయకూడదు. 1922 జూన్ 7న ఎవరెస్ట్ ఉత్తరం వైపు నార్త్ కోల్ అనే కనుమకు ఎక్కే వాలు మీద హిమపాతం జారి ఏడుగురు కూలీలు చనిపోయారు. వాళ్లను ఆ వాలు మీదకు నడిపించినవాళ్లలో మాలరీ ఒకడు, తప్పు తనదేనని ఇంటికి రాసుకున్నాడు. ఆ ఏడుగురి బాధ మనకు మాలరీ ఉత్తరాల ద్వారానే అందుతోంది, వాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో వాళ్ల మాటల్లో లేదు. 1953లో హిల్లరీతో కలిసి శిఖరం మీద నిలబడ్డ టెన్జింగ్ నార్గేకే చదవడం, రాయడం రాదు. తన జీవితం ఇంకొకరికి చెప్పి రాయించుకున్నాడు. అందుకే కాగితాలతో పాటు గొంతులూ దాచాలి అంటున్నాం. పాకాల లాంటి ఊళ్లలో, సంగం చుట్టుపక్కల, ఈ పిల్లల్ని కన్నవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు, తాడు కట్టడం నేర్పినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి కోట్లు అక్కర్లేదు, కూర్చుని ఓపిగ్గా వినే మనిషి కావాలి.

‘ఇంట్లోవాళ్ల కాగితాలు ప్రభుత్వానికి ఎందుకివ్వాలి, అందులో సొంత విషయాలు ఉండవా’ అనే అభ్యంతరం రావడం సహజం. దాన్ని మేము తేలిగ్గా తీసిపారేయం. ఎడ్మండ్ హిల్లరీ లాంటి మనిషి విషయంలోనే గొడవైంది. 2008 జనవరి 11న చనిపోయిన ఆయన తన డైరీలు, ఉత్తరాలు, ఫోటోలు ఆక్లాండ్ మ్యూజియానికి చెందాలని వీలునామాలో రాశాడు. ఆ తర్వాత వాటి మీద హక్కులు, ముఖ్యంగా ప్రచురణ హక్కులు, ఎవరివనే విషయంలో ఆయన పిల్లలకూ మ్యూజియానికీ మాట పడలేదు, 2009లో అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జాన్ కీ మధ్యలో కూర్చుంటే గానీ సర్దుబాటు కాలేదు. వీలునామా స్పష్టంగా రాసిన చోటే అలా జరిగితే, నోటిమాట మీద నడిచే మన ఇళ్లలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అందుకే ఇచ్చేటప్పుడే ఒప్పందం రాసుకోవాలి. ఒక ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లది, అందులోని రాత మీద కాపీరైట్ రాసినవాళ్లదీ వాళ్ల వారసులదీ. మన చట్టం ప్రకారం రచయిత బతికుండగా అచ్చయిన రాతకు అది ఆయన పోయాక 60 ఏళ్లు ఉంటుంది, అప్పటికి అచ్చుకాని ఉత్తరాలకైతే మొదటిసారి అచ్చయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి కాగితం ఆర్కైవ్‌కు ఇచ్చినంత మాత్రాన కుటుంబం హక్కులు పోవు. నొప్పించే ఉత్తరాలు ఉంటే ఇరవై ఏళ్లో ముప్పై ఏళ్లో తెరవకూడదని షరతు పెట్టి సీలు వేసి ఇవ్వొచ్చు. మంచి ఆర్కైవ్‌లు దాన్ని గౌరవిస్తాయి. మా దృష్టిలో సొంత విషయాలు ఉన్నాయని కాల్చేయడం కన్నా తాళం వేసి దాచడం ఎన్నో రెట్లు మేలు. ఆ ఇంటి మనవలకే రేపు ఆ కాగితం కావాల్సి రావచ్చు.

ఇక మాలరీ కాలానికి లేని చిక్కు మన కాలానికి ఉంది. ఆయన ఉత్తరం రాశాడు, మనవాళ్లు మెయిల్ పంపారు, ఫోన్లో ఫోటో తీశారు, లాప్‌టాప్‌లో లెక్క వేశారు. హార్డ్ డిస్క్ కొన్నేళ్లకు మొరాయిస్తుంది. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి పోతే అకౌంట్ తెరుచుకోదు. గూగుల్ అయితే రెండేళ్లు వాడని వ్యక్తిగత అకౌంట్లను తీసేసే నియమం పెట్టింది. మంచులో 75 ఏళ్లు నిలిచిన కవరుకు ఉన్న ఆయుష్షు ఈ మెయిల్‌కు లేదు. 2006 నాటి ఫైళ్లు ఏ పాత డిస్కులోనైనా ఉంటే వాటికి ఇప్పుడే చెయ్యి వేయాలి, ఇంకో పదేళ్లకు తీరిగ్గా చూద్దాం అంటే తెరవడానికి మెషీనే ఉండదు.

ఏం చేయాలో కూడా చెబుతాం. హైదరాబాద్ తార్నాకలో తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి పత్రాల్ని కూడా దాచగలిగిన సంస్థ అది. అక్కడ క్రీడాకారులు, పర్వతారోహకుల వ్యక్తిగత కాగితాలకు ఒక విభాగం తెరిస్తే మొదటి అడుగు పడినట్టే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన వైపు అదే పని చేయాలి, ఇద్దరూ కేటలాగ్ మాత్రం ఒకే పద్ధతిలో, తెలుగులోనూ వెతకగలిగేలా తయారు చేయాలి. కొండలకు రాష్ట్రాల సరిహద్దులు అడ్డు రాలేదు, కాగితాలకు రానివ్వకండి. కోరుకొండ స్కూలు పూర్వ విద్యార్థులు తమ సీనియర్ల ఉత్తరాలు, ఫోటోలు ఎవరి దగ్గర ఏమున్నాయో ఒక జాబితా వేసినా చాలు, ఆ తర్వాత పని సగం తేలికవుతుంది. గురుకుల సొసైటీ 2014 యాత్ర ఫైళ్లను శాశ్వతంగా ఉంచాల్సినవి అని ముద్ర వేయాలి. పిల్లల ఆరోగ్య వివరాలు ఉన్న పేజీలను మాత్రం వాళ్ల అనుమతి లేకుండా ఎవరికీ చూపకూడదు. అలాగే, డబ్బులన్నీ ఒక్క విగ్రహానికో స్మారక భవనానికో పోసేసి లోపల పెట్టడానికి ఏమీ లేదనే పరిస్థితి తేవద్దని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ముందు కాగితాలు సేకరించండి, గోడలు తర్వాత కట్టొచ్చు.

కుటుంబాలకు మా విన్నపం వేరుగా ఉంది. దయచేసి పాత ఉత్తరాల్ని, సర్టిఫికెట్లని లామినేషన్ చేయించకండి. ప్రేమతోనే చేయిస్తారు, కానీ ఆ వేడి, ఆ ప్లాస్టిక్ కాగితంలోకి దిగాక మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లో టేపు అంటించకండి, తుప్పు పట్టే గుండుసూదులు ఉంటే నెమ్మదిగా తీసేయండి. నెల్లూరు లాంటి తీర జిల్లాల్లో ఉక్కకు ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మధ్యలో పలుచని తెల్ల కాగితాలు పెట్టండి. నేల మీద ట్రంకు పెట్టెలో ఉంచితే కింద చెదలు, పైన తేమ, కాబట్టి గోడకు ఆనకుండా ఎత్తులో పెట్టండి. పనికిరాదనిపించిన బిల్లు, బస్సు టికెట్, చిరునామాలు రాసుకున్న చీటీ కూడా పారేయకండి, వాటి వరస మార్చకండి, ఏ కాగితం పక్కన ఏది ఉందన్నది కూడా చదివేవాళ్లకు సాక్ష్యమే. ఫోటోల వెనక మెత్తని పెన్సిల్‌తో ఎవరు, ఎక్కడ, ఏ ఏడాది అని రాయండి, గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే.