మామగారు లేని ఇంట్లో 21 వోల్టులు

సోలార్ చార్జ్ కంట్రోలర్‌కు, అంటే ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య కూర్చుని చార్జింగ్‌ను అదుపు చేసే పెట్టెకు, ఈ సమాజంలో న్యాయం జరగడం లేదు. బెంగళూరు మారతహళ్లిలో మా డాబా మీద జరిగిన ఘోరం తర్వాత ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. మా బావమరిది, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి చిలుము గోకాలని స్పానర్ పట్టుకుని పైకెక్కాడు. ప్యానెల్ తన పని తాను చేసుకుంటూనే ఉంది. వీడు బ్యాటరీ వైరు ఊడదీశాడు. కింద హాల్లో 12 వోల్టుల ఎల్ఈడీ బల్బులు పెళ్లిపందిరిలా ధగధగమని, ఆ వెంటనే శాశ్వతంగా ఆరిపోయాయి. "బావా, కంట్రోలర్ చెత్తది!" అని మెట్ల మీంచే తీర్పు వినబడింది. ముద్దాయిని ఒక్క మాట అడిగినవాడు లేడు.

12 వోల్టుల ప్యానెల్ అంటాం గానీ, దాని అసలు గొంతు వేరు. పనిలో ఉంటే 18, ఏదీ తగిలించకపోతే 21 దాటుతుంది. అరుగు మీద మామగారు కూర్చున్నంతసేపూ అల్లుడు గొంతు తగ్గించుకున్నట్టు, బ్యాటరీ ఉన్నంతసేపూ అది 13, 14 దగ్గరే అణిగి ఉంటుంది. మామగారు లేచి వెళ్లారా, మాది లాంటి మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్‌లో (ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలుపుతూ, తెంచుతూ నడిపే రకం) ఆ 21 నేరుగా బల్బుల మీద పడొచ్చు. ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ పిండే రకం) అయితే ఇంకో తంటా: లోపలి కాయిల్‌లో పరిగెడుతున్న కరెంటు ఉన్నపళంగా ఆగదు, కెపాసిటర్‌లోకి దూకి వోల్టేజీని ఎగదోస్తుంది. మంచి కంట్రోలర్ అది పసిగట్టి స్విచింగ్ ఆపేస్తుంది. చవకది తన లోపలి స్విచ్చును, అంటే మాస్‌ఫెట్‌ను, బలి ఇస్తుంది.

ఎస్పీ రోడ్డులో రిపేరు కుర్రాడు పెట్టె విప్పి, వాసన చూసి, "ప్యానెల్ ముందర తీయల్ల సార్, ఆమేలే బ్యాటరీ. తగిలించేటప్పుడు బ్యాటరీనే ఫస్టు" అన్నాడు. ఈ ముక్క కంట్రోలర్ మీదే అచ్చేసి ఉంది. ఎక్కడంటే, మేం గోడకు ఆనించి నాలుగు స్క్రూలు బిగించిన వైపు.

మా బావమరిది తప్పు ఒప్పుకోలేదు, లిథియం బ్యాటరీ కొన్నాడు. అందులో బీఎంఎస్ అని బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్ ఉంటుందట. చార్జింగ్ శ్రుతి మించితే బ్యాటరీని అదే విడగొట్టేస్తుందట, ఎండ మండుతున్నా సరే. అంటే ఇకమీదట స్పానర్‌తో పైకెక్కే శ్రమ కూడా తప్పింది.