ఒత్తిడి నివారణ తరగతి గారి సముఖమునకు

మహారాజశ్రీ ఒత్తిడి నివారణ శిక్షణ తరగతి గారికి,

మొన్న శనివారం, సెలవు రోజున, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు గంటల వరకు హాజరు తప్పనిసరి చేసి మరీ తమరు నా అలసట తీర్చినందుకు కృతజ్ఞతలు. సింహాచలం తీసుకెళ్తానని మూడు వారాల కిందట మా అమ్మకు ఇచ్చిన మాట తమ సేవలో తరించింది.

ఋషికొండ మీద, కిటికీ నిండా బంగాళాఖాతం కనిపించే గదిలో, తెర మీద బొమ్మ మసకబారుతోందని పరదాలన్నీ మూయించి, ఎక్కడిదో ఒక సముద్రతీరం ఫొటో చూపించి, "కళ్లు మూసుకుని, గాఢంగా ఊపిరి తీస్తూ అలలను ఊహించుకోండి" అని తమరు సెలవిచ్చారు. మైకు కీచుమంది, సమోసాలు చల్లారాయి, అవి క్షమించాను.

క్షమించలేనిది తమరు పంచిన ప్రశ్నపత్రాన్ని. "మీ అలసటకు కారణం ఏమిటి?" అన్న ప్రశ్న కింద నాలుగే గళ్లు: నిద్రలేమి, ఫోను, వ్యాయామం లేకపోవడం, ప్రతికూల ఆలోచనలు. ఐదో గడి లేదు. "ఇతరములు" అని ఒక గీతైనా ఉంటుందేమోనని కాగితం తిప్పి చూశాను. అటువైపు తెల్లగా ఉంది. రాత్రి పదకొండింటికి షిఫ్టు మార్చామని సందేశం పంపేవారిని ఏ గడిలో కూర్చోబెట్టాలి? నేను తయారుచేసిన నివేదికను తన పేరుతో పైకి పంపుకున్న పెద్దమనిషి నా ప్రతికూల ఆలోచన కిందికి వస్తాడా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను, అంటే పనిలో లోలోపల కాలిపోవడాన్ని, రోగమనలేదు. సవ్యంగా సంబాళించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల తలెత్తే, ఉద్యోగానికే పరిమితమైన పరిస్థితి అన్నది. దశాబ్దాలుగా దీన్ని పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్‌తో కలిసి చూపిన కారణాలు ఆరు: పనిభారం, పనిపై మన పట్టు, ప్రతిఫలం, తోటివారితో పొత్తు, న్యాయం, విలువలు. ఆ జాబితాలో నా ఊపిరితిత్తుల ఊసే లేదు.

నిజం చెప్పాలంటే, పనిభారం ఒక్కటే కారణమని నేనూ చాలాకాలం నమ్మాను. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేశాక, కరెంటు లేని ఆ రోజుల్లో, పాత ఆఫీసులో జనరేటరు మోత పక్కన అర్ధరాత్రి దాకా పనిచేసిన మాలో ఎవరమూ ఇలా కాలిపోలేదు. ఒళ్లు హూనమైంది, అంతే. ఏది ముందు చేయాలో, ఎవరు ఇంటికి వెళ్లాలో మేమే తేల్చుకున్నాం, ఎవరు ఏం చేశారో అందరికీ తెలుసు. ఇప్పుడు అందులో సగం పనికే సోమవారం అంటే కడుపులో తిప్పుతోంది.

ఊపిరి తీయడం నాకు వచ్చు. పుట్టిన నిమిషం నుంచీ తీస్తున్నాను. నువ్వెవరు నాకు నేర్పడానికి? నా శనివారం లాక్కుని, తప్పంతా నా నిద్ర మీదికీ నా ఫోను మీదికీ నెట్టి, చివర్లో చప్పట్లు కూడా కొట్టించుకుంటావా?

మన్నించండి, తమ గౌరవానికి భంగం కలిగించాను. తరగతిపై అభిప్రాయం ఈ రాత్రి పదిలోగా పంపాలని సందేశం వచ్చింది. తెరిచి చూశాను. ఐదు నక్షత్రాలున్నాయి, రాసుకోవడానికి చోటు లేదు. అందువల్ల ఈ లేఖ.

ఇట్లు,
తమ హాజరు పట్టీలో 43వ సంతకం